నీలం తీగ

మైకు తీగ తుడవడం అయింది, స్పీకర్ల తీగలు అయ్యాయి, ఇప్పుడు కల్‌టాక్ చేతిలోని పాత బనియను గుడ్డ నీలం తీగ మీదికి వచ్చింది. సముద్రం నాలుగు అడుగుల దూరంలో ఉన్న ఊరిలో ఉప్పు ఎక్కడైనా పేరుకుంటుంది. తుడవకపోతే ఏడాది తిరక్కుండా తీగలు పచ్చబడతాయి. నీలం తీగ తనది కాదు. ముందరి కొట్టు నుంచి గోడ కన్నం గుండా వచ్చి కొత్త కంప్యూటరు వెనకాల దూరింది. తనది కాకపోయినా తుడిచాడు, తుడిచి ఎలా ఉన్నదాన్ని అలాగే సర్దాడు.

పోర్ట్ విలాలో ఆ వెనకగదిలో పాటలు రికార్డు చేస్తూ అతను ఇరవై ఆరేళ్లు గడిపాడు. పొట్టి మనిషి. కాస్త ముందుకు వంగిన మెడ, నెరిసి నెత్తికి అంటుకుపోయిన ఉంగరాల జుట్టు, పూలు వెలిసిపోయిన చొక్కా. కుర్రతనంలో బ్యాండులో ఒంటి తాడు బిగించిన పెట్టె బేసు వాయిస్తుంటే తాడు తెగి కొట్టి ఎడమ చూపుడువేలి గోరు పోయింది. మైకు ముందు చప్పుడు చేయకుండా తిరిగీ తిరిగీ ఇంట్లో కూడా పిల్లిలా నడుస్తాడు, వంటింట్లో భార్య ఉలిక్కిపడి రోజూ తిడుతుంది. మా దీవిలో పేరున్న ప్రతి స్ట్రింగ్ బ్యాండ్ పాటా ఆ గదిలోంచే బయటికి వచ్చింది. ఒక్కదానిలోనూ అతని గొంతు లేదు. ప్రతి పాటకూ ముందు "వన్, టూ, త్రీ" అని అందించేది అతనే. పాట అయ్యాక ఆ ముక్క కత్తిరించేసేదీ అతనే. ఎవరూ అడగలేదు, అతనికీ తోచలేదు.

పాత కంప్యూటరులో చీమలు కాపురం పెట్టి దాన్ని చంపేశాయి. ముందర రీచార్జ్ కొట్టు నడిపే లెయ్‌వియా ఈ గదికీ యజమానురాలే. మూడు వారాల కిందట కొత్తది కొనిచ్చింది. కల్‌టాక్ అన్నీ ఉన్నవి ఉన్నట్టు మార్చాడు. అవే తీగలు, అవే కన్నాలు, శబ్దాన్ని కంప్యూటరు ఎంతెంత ముక్కలుగా అందుకోవాలో చెప్పే, ప్లాస్టరు ముక్క మీద రాసి అంటించుకున్న అదే అంకె, 128. మొదటి రోజు నుంచే శబ్దం జారిపోవడం మొదలైంది. పాట నడుస్తూ నడుస్తూ రెప్పపాటు ఏమీ లేకుండా పోయి, ఏమీ ఎరగనట్టు మళ్లీ వస్తుంది. ఎక్కడ పోతుందో ముందుగా తెలియదు. తీగలు మార్చాడు, మైకుకీ కంప్యూటరుకీ మధ్య ఉండే పెట్టె మార్చాడు, ఫ్యాను ఆపాడు. పోయేది పోతూనే ఉంది.

పైగా ఈ నెలాఖరుకు గది ఖాళీ చేయాలి. ఇప్పుడందరూ ఫోనులోనే పాడుకుంటున్నారు, అక్కడ ఫోటోలు ప్రింటు తీసే మెషిన్ పెడతానంది లెయ్‌వియా. అన్యాయమేమీ లేదు. కల్‌టాక్ సరే అన్నాడు. ఇంకా పదకొండు రోజులున్నాయి. ఒక్క పాట మిగిలింది, బావ ఓబెద్ పాట.

ఓబెద్ అతని భార్యకు అన్న. బ్యాండ్ మొత్తానికీ పైన పలికే సన్నటి గొంతు అతనిది. రేవులో టూరిస్టుల ఓడ ఆగితే, ఒడ్డున పాడే ఆ గొంతు ఓడ పై అంతస్తు దాకా వెళ్లేది. ఇప్పుడు గుండె పాడైంది, కాళ్లకు నీరు పట్టింది. తల్లి తోట మీద పాతికేళ్ల కిందట కట్టిన పాటను ఎందుకో రికార్డు చేయకుండా దాచుకున్నాడు. ఇప్పుడు తొందర పడుతున్నాడు. అతను మంచం పట్టి ఉండగా మిగతావాళ్లు వచ్చి తమ వంతు వాయించి వెళ్లారు. వాళ్ల భాగంలో పోయిన చోట్లు తిరిగి వాయించి అతికించవచ్చు, చేతులు ఉన్నాయి. ఆ గొంతుకు మరో గొంతు లేదు.

ఆ రోజు పొద్దున పదింటికి ఓబెద్ మెడలో తువ్వాలుతో, గోడ పట్టుకుని వచ్చాడు.

"ఏం బావా, నీ మెషిన్‌కి ఎక్కిళ్లు తగ్గాయా?"

"లేదు."

"నీళ్లు తాగించకపోయావా. మా చెల్లి వండిన లప్‌లప్ పెట్టి ఉంటావు, మింగుడు పడక చస్తోంది పాపం."

"కూర్చో బావా. మాటలకి ఊపిరి తగలెయ్యకు."

ఓబెద్ కుర్చీలో కూర్చుని కుడికాలు ఎత్తాడు. కల్‌టాక్ బియ్యం గోనెసంచిని నాలుగు మడతలు పెట్టి కాలి కింద జరిపాడు. ఓబెద్‌కు మడమ ఆడకపోతే గొంతు లేవదు, ఆ చప్పుడు పాటలో పడితే పనికిరాదు. ఆ సంచి ఇరవై ఏళ్లుగా వేరెవరి కాలి కిందికీ వెళ్లలేదు.

"వన్, టూ, త్రీ."

మూడుసార్లు పాడాడు. మూడుసార్లూ గొంతు మధ్యలో చిల్లులు పడ్డాయి. అంకె పెంచి చూస్తే చిల్లులు తగ్గాయి గానీ హెడ్‌ఫోనులో అతని గొంతు అతనికే ఆలస్యంగా వినిపించింది.

"నా వెనకాల ఇంకొక ముసలాడు పాడుతున్నాడు బావా. వాణ్ని బయటికి పంపు."

కల్‌టాక్ అంకె మళ్లీ తగ్గించాడు. నాలుగోసారి రెండో చరణంలోనే ఓబెద్ ఊపిరి తెగింది. హెడ్‌ఫోను తీసి కళ్లు మూసుకున్నాడు. పెదవులు ముదురు రంగుకు తిరిగాయి. కల్‌టాక్‌కు భయం వేసింది, ఆ భయాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గుడ్డ తీసి బల్ల తుడిచాడు.

అప్పుడే ముందరి కొట్టు నుంచి లెయ్‌వియా కేక వినిపించింది. "నెట్ పోయింది, రీచార్జ్‌లు కావు, సాయంత్రం రండి."

ఊరికే ఉండలేక కల్‌టాక్ మైకు తెరిచి "వన్, టూ, త్రీ" అన్నాడు. కుర్చీలో ఓబెద్ మడమ అలవాటుగా లేచింది. ఛాతీ నిండా గాలి పీల్చాడు. పాట రాలేదు, చిన్నగా నవ్వాడు.

కల్‌టాక్ ఆ రికార్డయిన ముక్క వేసుకుని విన్నాడు. ఎక్కడా చిల్లు లేదు. పది నిమిషాలు మైకు తెరిచి ఉంచాడు. చిల్లు లేదు. మెల్లగా వంగి బల్ల కింద చూశాడు. పాత కంప్యూటరుకు నెట్ లేదు, ఈ నీలం తీగ మోసుకొచ్చేది నెట్టే. తను మార్చినవన్నీ వెతికాడు గానీ, తను మార్చకుండా వచ్చి చేరినదాని జోలికి పోలేదు. పరాయి వస్తువు కదపకూడదని తండ్రి నేర్పాడు, అంతే. నీలం తీగ పీకి పట్టుకుని కొట్టులోకి వెళ్లాడు.

"అమ్మా, ఇది తీసేస్తే నీకు ఇబ్బందా?"

"ఏముంది బాబాయ్, అది కొట్టు కెమెరా ఆ కంప్యూటర్లో చూసుకోడానికి పెట్టించింది. ముందే చెప్తే ఆ రోజే పీకేసేవాళ్లం కదా."

మూడు వారాలు.

గదిలో ఓబెద్ లేవబోతున్నాడు. "దొరికిందా దొంగ? కానీ మరి, ఇంకోసారి పాడతా."

పాడమందామని కల్‌టాక్‌కు నాలుక చివరి దాకా వచ్చింది. సంచి మీద పెట్టిన ఆ కాలిని చూశాడు, వేలు నొక్కితే గుంట పడేట్టుంది.

"రేపు పాడుదువులే బావా. తొందరేముంది."

"నీకు లేదు తొందర. సరే, పొద్దున్నే వస్తా. నీ దొంగని తాడేసి కట్టు."

పట్టుకుని తీసుకెళ్లి బస్సు ఎక్కించాడు. మధ్యాహ్నం ఉడికించిన అరటికాయ నములుతూ ఓబెద్ మూడుసార్లు పాడినవాటినీ పక్కపక్కన పెట్టి, ఒకదాని చిల్లు ఇంకొకదాని ముక్కతో పూడ్చాడు. మూడింటికల్లా పాట దాదాపు నిండింది. ఒక్కచోట తప్ప. చివర "అమ్మ పిలుస్తోంది" అని ఓబెద్ గొంతు అన్నిటికన్నా పైకి వెళ్లే చోట మూడింటిలోనూ పోయింది. ఆ ఒక్క మాట చాలు. రేపు పొద్దున అది పాడితే ఈ గదిలో పని ముగిసినట్టే. చాలా రోజుల తరవాత అతనికి కాస్త ఆకలి కూడా వేసింది.

నాలుగు దాటాక బస్సు డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు. మా ఊళ్లో బస్సులు దారి బట్టి కాదు, మనుషుల్ని బట్టి తిరుగుతాయి.

"పెద్దాయన నిద్రపోయాడని, ట్రిప్పులన్నీ అయ్యాక ఆఖర్న దింపుదామనుకున్నా. లేపితే లేవట్లేదు. వాళ్లింటికి అలా తీసుకెళ్లలేకపోయా, నిన్ను ఎక్కించుకుందామని వచ్చా."

కల్‌టాక్ బస్సులోకి వెళ్లాడు. ఓబెద్ కిటికీకి తల ఆనించి ఉన్నాడు. తువ్వాలు జారి ఒళ్లో పడింది. చెయ్యి చల్లగా ఉంది. పాడమని ఉంటే పాడేవాడు, అన్న మాట ఒక్కటే కల్‌టాక్ మనసులో తిరిగింది. అప్పుడూ పోయేవాడేమో, పాటైనా ఉండేది.

"ఒక్క నిమిషం ఆగు, తలుపు వేసి వస్తా," అన్నాడు.

చావు జరిగిన ఇంటి మనుషులు నూరో రోజు దాకా పాట ముట్టరు. కల్‌టాక్ గడ్డం కూడా తీయకూడదు. నూరో రోజుకు ఈ గదిలో ఫోటోల మెషిన్ ఉంటుంది. గది ఉన్నా ఏం లాభం, ఆ మాట పాడేవాడు బయట బస్సులో ఉన్నాడు.

కంప్యూటరు ఆపబోతే పొద్దున్నది దాచమంటావా అని అడిగింది. తన "వన్, టూ, త్రీ", ఆ తరవాత ఓబెద్ పీల్చిన ఒక ఊపిరి, చిన్న నవ్వు. అలవాటు కొద్దీ చెయ్యి తన గొంతు కత్తిరించడానికి వెళ్లింది. వెనక్కి తీసుకుని, ఉన్నదాన్ని ఉన్నట్టే దాచాడు. వంగి నీలం తీగను దాని కన్నంలో మళ్లీ పెట్టాడు. అది లెయ్‌వియాది.

బయట డ్రైవరు హారను కొట్టలేదు, ఊరికే వేచి ఉన్నాడు. కల్‌టాక్ దీపం తీసేసి తలుపు దగ్గరికి లాగాడు. కుర్చీ ముందు నాలుగు మడతల గోనెసంచి, మధ్యలో మడమ అంత గుంటతో, అలాగే ఉంది.