హార్లిక్స్ సీసాలో రాళ్ళు

ఇప్పుడు మా ఇంటికి వచ్చే బియ్యం మూటలో రాళ్ళుండవు. మిల్లులో యంత్రమే ఏరేస్తుందట. అయినా చేటలో బియ్యం పోసుకోగానే నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే కదులుతాయి. ఏమీ దొరకదు. ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. అప్పుడు అలమరలో ఉన్న పాత హార్లిక్స్ సీసా వైపు చూస్తాను.

1998లో కంబదూరు నుంచి బుక్కరాయసముద్రానికి కోడలిగా వచ్చాను. అత్త లేని ఇల్లు. వచ్చిన మూడో రోజు రేషన్ స్టోరు బియ్యం వండాను. ఏరింది నేనే, వడ్డించింది నేనే. మా మామ నరసింహప్ప రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్దకు కటుక్కుమని శబ్దం వచ్చింది. ఆయన నమలడం ఆపి, నోట్లోంచి ఏదో తీసి పిడికిట్లో పెట్టుకుని, చేయి కడుక్కుని చేనికి వెళ్ళిపోయాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కంచంలో అన్నం అట్లాగే మిగిలిపోయింది.

ఆ రోజు నుంచి నాకు రాళ్ళ పిచ్చి పట్టుకుంది. చేటలో మూడుసార్లు ఏరేదాన్ని. తర్వాత గడప దగ్గర ఎండ పడే చోట పరిచి మళ్ళీ ఒకసారి. దొరికినవాటిని పారేయాలంటే భయం, తిరిగి బియ్యంలోకే వస్తాయేమోనని. ఖాళీ సీసాలో వేసి మూత బిగించేదాన్ని. తెల్లవి, ఎర్రవి, నువ్వుగింజంత నల్లవి. మామ తింటున్నంతసేపూ తలుపు చాటున నిలబడి ఆయన దవడ వైపే చూసేదాన్ని. ఎప్పుడూ ఎడమవైపే, నెమ్మదిగా, జాగ్రత్తగా నమిలేవాడు. నా మీద ఇంకా నమ్మకం కుదరలేదనుకునేదాన్ని. అన్నం బాగుందని ఒక్కసారి అంటే చాలు. ఆయన అసలే మాటల మనిషి కాదు, అనలేదు.

నా భర్త కేశవ లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ ఎగతాళే. "ఏమే, అన్నం వండతాండావా, బంగారం వెతకతాండావా?" అనేవాడు.

చదువుకునే రోజుల నుంచీ నాకు కవితలు రాసే అలవాటుండేది. 2003 ఉగాదికి అనంతపురంలో ఆడవాళ్ళ కవిసమ్మేళనం పెడుతున్నారని, నన్నూ చదవమన్నారని మా ఊరి బడిలో పాఠాలు చెప్పే లక్ష్మీపతి సారు కబురు తెచ్చాడు. అంతకుముందు ఏడాది వానల్లేక వేరుశనగ ఊడ దిగి కాయ పట్టకుండానే ఎండిపోయింది. అందరూ కరువు మీదే రాస్తున్నారని ఆయన అంటే నేనూ రాశాను. బీటలు వారిన నేల, ఎండిన డొక్కలు, ఆకాశం వైపు చూసే కళ్ళు.

పక్కింటి హబీబక్క జాకెట్లు కుట్టేది. ఆమెకు చదివి వినిపించాను. మిషను ఆపి మరీ విన్నది.

"ఇదేంది జయంతీ, రేడియోలో వార్తల మాదిరి ఉండాది. ఈ డొక్కలు ఎవురివి?"

"రైతులవి."

"మీ మామ రైతే గదా. ఆయప్ప డొక్క నువ్వెప్పుడు చూస్తివి? నువ్వు చూసేది ఆయప్ప దవడ! పొద్దున లేస్తే రాళ్ళు రాళ్ళని నా పానం తీస్తావు. కాగితం మీదికొచ్చేసరికి ఆ పిచ్చి యాడికి పాయ?"

"రాళ్ళ మీద ఎవురన్నా రాస్తారా అక్కా?"

"నువ్వు గాక ఇంకెవురు రాస్తారు? ఊర్లో ఇంకెవురికన్నా ఉండాదా ఆ సీసా?" అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

కోపంగా ఇంటికొచ్చాను. మధ్యాహ్నం చేట ముందు కూర్చుంటే మాత్రం మాటలు ఒక్కొక్కటే దొరకసాగాయి. కటుక్కుమన్న శబ్దంతో మొదలుపెట్టాను. చివర ఇట్లా రాశాను:

తెల్ల బియ్యంలో తెల్ల రాయికి
దాక్కోవడం బాగా తెలుసు
మామా, మీరు తీసి పట్టుకుపోయిన ఆ ఒక్కటీ
ఈ సీసాలో లేదు
దానికోసమే ఇన్ని ఏరాను

ఉగాది రోజు కేశవ ట్రిప్పు మీద బళ్ళారిలో ఉన్నాడు. నాకు తోడుగా మామ వచ్చాడు. బయట కూర్చుంటాడనుకున్నాను. ఆయన తెల్ల తలగుడ్డతో లోపలికి వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు.

సంచిలో రెండు కాగితాలున్నాయి. కరువు కవిత చదివితే అందరికీ కొట్టినట్టే నాకూ చప్పట్లు కొడతారు, ఎవరికీ ఏమీ కాదు. రెండోది చదివితే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయిన సంగతి ఆయన ముందే ఇంతమందికీ చెప్పినట్టు. కానీ పేరు పిలిచాక కరువు కాగితం తీద్దామంటే నాకే సిగ్గేసింది. రెండోది తీశాను.

మొదటి నాలుగు వాక్యాలు కాకముందే మామ లేచాడు. తలవంచుకుని బయటికి నడిచాడు. మిగతాది ఎట్లా చదివానో నాకు తెలియదు. ఇక నా చేతి కూడు ఆయన ముట్టడనుకున్నాను.

బయట చెరుకురసం బండి పక్కన నీడలో నిలబడి ఉన్నాడు. ఇద్దరం బస్సెక్కాం. కూర్చున్నాక కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"అది రాయి కాదు లేమ్మా."

"ఏది మామా?"

"ఆ పొద్దు కటుక్కుమన్నెది. నా పన్ను. మన ఫ్లోరైడు బోరు నీళ్ళకు ఎవురి పండ్లు బాగుండాయి? కుడిపక్క దవడపన్ను ఇరిగె. కొత్త కోడలు ముందర పన్ను చేతిలో పెట్టుకోని ఎట్ల కూసుండేది? సిగ్గయ్యి లేసిపోతి. ఈ పొద్దు మళ్ళా అంతమందిలో ఆ మాటెత్తితివి."

ఐదేళ్ళు. సీసా ముప్పాతిక నిండింది.

"అయితే నేను పెట్టిన అన్నంలో..."

"నీ కూట్లో ఒక్క దినం గూడ రాయి తగల్లేదు. తగిలుంటే చెప్పనా?"

నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. సంచిలోంచి ఆ కాగితం తీశాను.

"ఇప్పుడు దాన్ని మార్చి రాయాల మామా. రాయి తీసేసి పన్ను పెట్టల్ల."

"వద్దొద్దు! పన్నని రాస్తే ఊరంతా నవ్వుతాది. రాయే ఉండనీ." నా వైపు తిరిగి అడిగాడు. "నేను లేసొచ్చినాక ఏం చదివినావు, ఆఖర్న?"

ఇంజను మోతలో వినబడాలని గట్టిగా చదివాను. మామ తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకుని, "బాగుండాది" అన్నాడు.

ముందు సీట్లో గంప పెట్టుకుని కూర్చున్న ఆమె వెనక్కి తిరిగింది.

"ఏ అంగట్లో తెస్తారమ్మా ఆ బియ్యం? ఇన్ని రాళ్ళా! చెప్పు, మేము ఆ దిక్కుకే పోము."

మామ నోరు తెరిచి నవ్వాడు. కుడిపక్క, లోపల, పన్ను లేని చోటు కనబడింది. ఐదేళ్ళు ఆ దవడనే చూస్తూ కూడా నేను చూడని చోటు.