రెస్టు వారం

"ఈ వారం నీకు రెస్టే కదా, పట్టుపురుగుల పని నువ్వు చూసుకో. కూలోళ్ళను రావద్దని చెప్పేసినాను," అన్నాడు మా ఆయన మారప్ప, వేపపుల్ల నములుతూ.

వాకిలి ఊడుస్తున్న నేను కొయ్యబారిపోయాను. కోపం వచ్చి ఉంటే బాగుండేది, ఒక మాట అయినా అనేదాన్ని. ఆయన ముఖంలో కుళ్ళూ లేదు, కుట్రా లేదు. పొద్దున్నే మంచి ఉపాయం తట్టిన మనిషి సంతోషం మాత్రం ఉంది. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

నేను బరువులెత్తుతాను. కెలమంగలం నుంచి రోజూ బస్సెక్కి హోసూరులో ఫ్యాక్టరీ పనికి పోతాను, అక్కడి క్లబ్బులోనే ఈ పవర్‌లిఫ్టింగ్‌లో పడ్డాను. ఆడవాళ్ళకు కూడా పోటీలు పెడుతున్నారని జనం ఇంకా వింతగా చెప్పుకుంటున్న రోజులు. భుజాల మీద కడ్డీ పెట్టుకుని గుంజీ తీసి లేవడం, వెల్లకిలా పడుకుని ఎద మీది నుంచి పైకి నెట్టడం, నేల మీద ఉన్నదాన్ని ఎత్తి నిటారుగా నిలబడడం, ఈ మూడే పోటీ. పతకం తెస్తే ఉద్యోగం పర్మినెంటు చేస్తారని తెలిశాక మా ఆయన కూడా సరేనన్నాడు.

మా కోచ్ చెన్నకేశవ సార్ పోటీకి చాలా ముందునుంచే వారాలను గడులు గడులుగా గీసి ఇస్తాడు. ఆ కాగితం మా హాలు గోడకు అంటించి ఉంటుంది, వచ్చేపోయే వాళ్ళందరూ చూసి నవ్వుతారు. మొదటి వారాల్లో మధ్యరకం బరువు, ఎక్కువసార్లు. తరువాత బరువు పెరుగుతుంది, సార్లు తగ్గుతాయి. అది ఒంటికి పట్టాక బరువు కాస్త దించి వేగం మీద పడతాం. కడ్డీ నేలను వదలడంలో ఆలస్యం ఉండకూడదు, అనుకున్న మరుక్షణం లేచిపోవాలి. ఇక పోటీకి ముందు వచ్చే చివరి గడి ఖాళీ. అందులో ఆయన ఒకే మాట రాస్తాడు, రెస్టు అని.

"ఎత్తేటప్పుడు బలం రాదమ్మా. ఎత్తి పండుకుంటావే, అప్పుడు వస్తుంది. ఒళ్ళు అప్పుడే కూడగట్టుకునేది. ఆ వారం తిని పండుకో, అంతే," అన్నాడు మొదటిసారి.

నన్ను ఎగతాళి చేస్తున్నాడేమోనని ఆయన ముఖంలోకి చూశాను. తిని పండుకో. పెళ్ళయిన తరువాత ఆ మాట నాతో ఎవరూ అనలేదు. మా అత్త పిల్లమ్మ అయితే, నేను కాసేపు గోడకు ఆనుకుంటే చాలు, "ఒంట్లో బాగలేదా?" అని అడుగుతుంది. బాగుంటే ఎందుకు కూర్చున్నావని దాని అర్థం.

పోయిన ఏడు రెస్టు వారంలో మా ఆడబిడ్డ సీమంతం వచ్చింది. "ఎట్లా నీకు పని లేదు కదా," అని నన్ను బాన దగ్గర నిలబెట్టారు. నీళ్ళు మోశాను, పిండి విసిరాను, గంగాళాలు తోమాను. "మంజుళకు ఇదొక లెక్కా, నూరు కిలోలు ఎత్తే పిల్ల," అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటూ ఇంకో గంగాళం చూపించారు. పోటీలో గుంజీ తీసి లేచాను, ఎద మీది నుంచి నెట్టాను. చివరగా నేల మీది కడ్డీకి చేతులు వేస్తే అది కదల్లేదు. క్లబ్బులో ఆడుతూ పాడుతూ ఎత్తిన బరువే. కాళ్ళూ నడుమూ నావి కానట్టు ఉండిపోయాయి.

"ఏం చేసినావమ్మా వారమంతా?" అని కోచ్ అరిచాడు.

నేను నోరు తెరిచేలోగా మా ఆయనే జవాబు చెప్పాడు. "ఏమీ చెయ్యలేదు సార్. ఇంట్లోనే ఉండింది."

అబద్ధం చెబుతున్నాడేమోనని చూశాను. చెప్పడం లేదు. ఇంట్లోనే ఉండడం, ఏమీ చెయ్యకపోవడం ఆయనకు ఒకటే మాట. ఆ రోజు పోయిన పతకం కంటే ఇదే నన్ను ఎక్కువకాలం నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు మళ్ళీ ఆ గడి వచ్చింది. ఆదివారం కృష్ణగిరిలో జిల్లా పోటీలు. గెలిస్తే రాష్ట్రానికి పోతాను. గెలవకపోతే, వచ్చేసారి నా బదులు బాగలూరు నుంచి వచ్చే కొత్త పిల్లను దించుతానని కోచ్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. నాకు ముప్పై దగ్గరపడుతున్నాయి, తరువాత నన్నెవరు పిలుస్తారు? ఫ్యాక్టరీ వాళ్ళు కూడా దయతలిచి వారం సెలవిచ్చారు. ఆ సెలవు చూసే మా ఆయన కూలోళ్ళను మానిపించాడు.

మా ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. పురుగు పొర విడవబోయే ముందు మేత మాని తల ఎత్తి కదలకుండా పడుకుంటుంది. దాన్ని జ్వరం అంటారు. అప్పుడు తట్టలను ఎవరూ కదిలించకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. "పురుగు జ్వరంలో ఉండాది, గలాటా చెయ్యొద్దు," అని మా ఆయనే వేలు పెదవుల మీద పెట్టుకుని పిల్లిలా నడుస్తాడు. పడుకోనిస్తేనే పురుగు పెరుగుతుందని ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసిన మనిషే ఇట్లా అన్నాడు.

ఆ పురుగులు ఇప్పుడు చివరి జ్వరం నుంచి లేచాయి. ఇక గూడు కట్టేదాకా ఎంత వేసినా చాలదు. తోటలో కోసిన మల్బరీ ఆకు మూటలు కట్టి వాకిట్లో దించి ఉంది.

"చూస్తా నిలబడినావే? ఆ మూట లోపలికి ఎత్తు," అన్నాడు మా ఆయన. "కోచ్‌కు చెప్పు, ఇంట్లోనే ప్రాక్టీసు చేస్తా ఉండానని."

ఆయన నవ్వాడు. నేను మూట దగ్గరికి పోయి వంగాను కూడా. అంత అలవాటు పడిన ఒళ్ళు. ముడి మీద చెయ్యి వెయ్యబోతూ, నాకే తెలియకుండా అనేశాను.

"నేను బయట చేరినాను."

మా ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. నెలసరి వచ్చిన మనిషి పురుగుల గదిలోకి పోకూడదు, ఆకు తాకకూడదు, పురుగులు చస్తాయంటారు. ఈ పట్టింపులు పాతకాలపువని నా ఫ్యాక్టరీ స్నేహితుల దగ్గర చెప్పే మనిషికి కూడా పురుగుల దగ్గర ధైర్యం చాలదు. నా మాట నాకే వినలేనట్టుగా ఉంది. కొత్తకోడలిగా వచ్చినప్పుడు, ఆ రోజుల్లో పక్క వసారాలో చాప మీద కూర్చోనని అత్తతో పోట్లాడి ఏడ్చినదాన్ని. నా ఒళ్ళు చేసే కీడేమిటో చెప్పమని నిలదీసినదాన్ని. ఆ మాటనే ఇప్పుడు నా నోటితో నేనే అన్నాను.

"ఇప్పుడేనా?" అన్నాడు మా ఆయన అయోమయంగా. ఆయనకు లెక్క తెలియదు, ఎప్పుడూ తెలుసుకోలేదు.

లెక్క తెలిసిన మనిషి పురుగుల గది గడపలో నిలబడి ఉంది. పోయిన వారమే నేను బయట చేరి, తలకు పోసుకున్నాను. నీళ్ళు కాచి పెట్టింది మా అత్తే. ఆమె నా వైపు చూసింది. ఇక అంతా అయిపోయిందనుకున్నాను.

"వాకిట్లో ఎందుకు నిలబడినావు? పో, వసారాలో కూర్చో," అంది మా అత్త.

పోయి చాప మీద కూర్చున్నాను. కొంతసేపటికి ఆమె సంగటి, పులుసు తెచ్చి ఎడంగా పెట్టింది. వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది.

"ఆయితవారం దాకా ఉండల్లనా?" అని అడిగింది.

చేతిలోని ముద్ద కింద పెట్టేశాను. "అత్తా, నేను..."

"నువ్వు ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నీ లెక్క నాకు తెలుసు. చెప్పొద్దులే. చెప్తే నేను విన్నట్టవుతుంది."

కాసేపు తోట వైపు చూసింది. తరువాత గొంతు తగ్గించి, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"నాకు ఎప్పుడో నిలిచిపోయింది. నిలిచిపోయినాక కూడా, మీ మామ పొయ్యేదాకా నెలనెలా ఈ చాప మీద కూర్చున్నాను. ఆయనకు తెలీదు. ఈ ఇంట్లో నన్ను పని చెప్పకుండా కూర్చోనిచ్చింది ఇదొక్కటే. నువ్వు బరువు ఎత్తేదానికి కూర్చున్నావు. నేను కూర్చునేదానికే కూర్చున్నాను."

కొత్తలో ఆమె నన్ను ఈ చాప మీదికి తోసినప్పుడు అవమానిస్తోందనుకున్నాను. తన దగ్గర ఉన్న ఒకే ఒక్క విశ్రాంతిని నాకూ ఇచ్చిందేమోనని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తోచలేదు. ఆ ఆచారం మీద నా కోపం పోలేదు. మనిషి కూర్చోవాలంటే మైలపడక తప్పని ఇంటి మీద ఇంకా పెరిగింది.

అంతలో ఇంకో సంగతి గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను. కూలోళ్ళు రారు. నేను లోపలికి పోను. "ఆకు ఎవరు మోస్తారు అత్తా? నువ్వు మొయ్యలేవు. నేను లేస్తాను, ఉండు."

నేను లేవబోయాను. మా అత్త వంగి నా భుజం మీద చెయ్యి వేసి అదిమి కూర్చోబెట్టింది. తాకకూడని నన్ను, తెలిసి తెలిసి, నిండు చేత్తో తాకింది. ఆ పైన నా పక్కనే చాప మీద చతికిలబడి కాళ్ళు చాపుకుంది. ఆమె కాళ్ళు చాపుకుని కూర్చోగా నేను చూడడం అదే మొదలు.

"ఒరే మారప్పా," అని లోపలికి వినబడేటట్టు పిలిచింది. "తెలీకుండా మంజుళను అంటుకున్నాను రా. తలకు పోసుకున్నా పురుగులకు పడదు. ఈ పంట అయ్యేదాకా నేనూ లోపలికి రాగూడదు. ఆకు నువ్వే వేసుకో."

మా ఆయన వాకిట్లోకి వచ్చాడు. మమ్మల్ని ఇద్దరినీ చూశాడు, మూటలను చూశాడు. పంచె ఎగ్గట్టి ఒక మూట మోకాళ్ళ దాకా లేపి, చేతకాక మళ్ళీ దించాడు. నెత్తికి ఎక్కించేదానికి ఎవరైనా ఒక చెయ్యి వేస్తారేమోనని చుట్టూ చూశాడు.

ముట్టుకోకూడని మేమిద్దరం చాప మీద కూర్చుని చూస్తూ ఉన్నాము.