ఫోను వెనక కూర్చున్న అత్తగారు

ఫోను ముందు కూర్చుంటే కోడలికి నోరు పెగలడం లేదు. పదేళ్ళపాటు వినికిడి యంత్రాల దుకాణంలో ఎంత చెవుడున్నవాళ్ళతోనైనా నవ్వుతూ మాట్లాడిన మనిషి, ఆ కెమెరా కన్ను చూడగానే బెల్లంకొట్టిన రాయిలా అయిపోతోంది.

దుకాణం మూతపడ్డాక ఆమె పెట్టిన అర్జీలకు ఉలుకూ పలుకూ లేదు. ఇన్నాళ్ళకు ఒక పెద్ద చెవి ఆసుపత్రి మొదటి వడపోతకు పిలిచింది. పిలవడమంటే రమ్మనడం కాదు. ఫోనులో ప్రశ్న వస్తుంది, అవతల మనిషి ఉండడు, మూడు నిమిషాల్లో జవాబు చెప్పాలి. రికార్డయ్యేది ఒక్కసారే. ఇదీ పోతే ఊళ్ళో ఆ పని ఇచ్చేవాళ్ళు లేరు. చేతనైన పని వదిలేసి ఏదో ఒకదాంట్లో చేరాల్సిందే.

"అందరిలోకీ కొట్టొచ్చినట్టు కనపడాలి వదినా," అంటూ మరిది జవాబు రాసిచ్చాడు. "'నాకు సవాళ్ళంటే ఇష్టం' అని మొదలుపెట్టు."

"నాకే సవాలూ ఇష్టం లేదయ్యా."

"ఉద్యోగం ఇష్టమేగా? మరి చెప్పు."

ఎన్నిసార్లు చెప్పినా బడిలో పద్యం అప్పజెప్పినట్టే ఉంది. మంచం మీంచి చూస్తున్న అత్తగారికి జాలేసింది.

"గోడతో మాట్లాడుతున్నట్టుందే అమ్మాయీ. నేను ఫోను వెనక కూర్చుంటా, నన్ను చూసి చెప్పు."

"మధ్యలో మాట్లాడకూడదు అత్తయ్యా."

"నాకు తెలీదూ? నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూర్చుంటా."

కిటికీ మూశారు. ఫ్యాను ఆపారు. 'మా దగ్గరకు వచ్చేవారికి మీరెలా సాయపడతారు?' అన్న ప్రశ్న వచ్చింది. "నాకు సవాళ్ళంటే..." అని కోడలు మొదలుపెట్టిందో లేదో, అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టి ముందుకు వంగింది.

"ఆఁ? ఏమన్నావూ?"

గది మారుమోగింది. కోడలు తలెత్తింది. అప్పుడు చూసింది: అత్తగారి చెవి బోసిగా ఉంది. వినికిడి మిషను కీచుమని రికార్డింగు పాడుచేస్తుందేమోనని తీసి గుప్పిట్లో పట్టుకుంది పిచ్చితల్లి.

పట్టించుకోకుండా సాగిపోవాల్సింది. కానీ ఎదుటి మనిషి 'ఆఁ?' అన్నాక ముందుకు పోవడం ఆమెకు చేతకాదు. వెలుగు ముఖం మీద పడేలా జరిగి, కేకలు పెట్టకుండా, మాటమాటా విడదీసి మొదలుపెట్టింది.

"కొత్తగా మిషను పెట్టుకుంటే అన్నీ పెద్దగా వినపడతాయి అత్తయ్యా. కాగితం నలిగినా ఉలిక్కిపడతారు. ఒకాయన తన చెప్పుల చప్పుడే విని, వెనకాల ఎవరో వస్తున్నారని ఒకటే పరుగు! భయపడి తీసి డబ్బాలో పెట్టేస్తారు. ఇంట్లోవాళ్ళ మాట కూడా ఆ డబ్బాలోకే పోతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ రమ్మంటాను. అలవాటయ్యేదాకా వదలను. అర్థమైందా?"

"ఇంతకీ ఆయన్ని తరిమిందెవరే?"

"ఎవరూ తరమలేదు. ఆయన చెప్పులే!"

అత్తగారు పగలబడి నవ్వింది. గడువైపోయి ఫోను ఆగింది. ఆ నవ్వూ ఆగింది.

"చెడగొట్టానా?"

"లేదత్తయ్యా," అంది కోడలు. కళ్ళు మాత్రం ఆ మాట అనలేదు.

"కొట్టొచ్చినట్టు కనపడమంటే ఇద్దరూ కలిసి నాటకం వేశారా?" అని మరిది తల పట్టుకున్నాడు. అత్తగారు ఆ వారమంతా అన్నం కెలికి వదిలేసింది. "నా నోరు పడిపోను," అని తనలో తనే గొణుక్కుంది.

వారం చివర ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అక్కడి పెద్ద డాక్టరమ్మే మాట్లాడింది.

"మధ్యలో ఆ కేక విని ఆపేద్దామనుకున్నానమ్మా. చెప్పులాయన సంగతేమైందో తెలుసుకుందామని చివరిదాకా చూశాను. మిగతా అందరూ ఒకే అచ్చులో పోసినట్టు నాకు జవాబు చెప్పారు. మీరు నన్ను వదిలేసి ఆవిణ్ణి చూసుకున్నారు. మాకు కావలసిందదే. సోమవారం వచ్చి చేరండి."

కోడలు వెళ్ళి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. ఇంట్లోవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. "అంతా మీ చలవే అత్తయ్యా," అని మాత్రం అనగలిగింది.

"నాదేముందే, నాకు వినపడలేదంతే," అంది అత్తగారు. ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకుంది.

సోమవారం పొద్దున్న ఎవరు గడప దాటినా బెంగపడే ఆవిడ, అటు తిరిగి తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోంది. కోడలు వెనకనుంచి కేకెయ్యలేదు. చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడింది.

"వెళ్ళొస్తాను అత్తయ్యా."

"వినపడిందిలే," అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. "వెళ్ళిరా తల్లీ. నీకోసం అక్కడ ఎంతమంది చెవులు రిక్కించుకుని కూర్చున్నారో!"