వెర్లిన్ మేకు

టాలెన్ విమానాశ్రయంలో ఒకటే రన్‌వే ఉంది, అదీ గడ్డిది. దాని పక్కన ఆరు షెడ్లు. మూడో షెడ్డులో పొయ్యి ఉండేది కాబట్టి శనివారం పొద్దున అందరం అక్కడే కాఫీ తాగేవాళ్ళం. పొయ్యి పక్క గోడకు ఒక చెక్క పలక, దాని మీద పద్నాలుగు మేకులు, ఒక్కో మేకు కింద ఒక పేరు. సొంత చేతులతో విమానానికి పని చేస్తూ ఎవరు ఏ తప్పు చేసినా దాని గుర్తు తెచ్చి తన మేకుకు తగిలించాలి. శనివారం అందరి ముందూ మొదటి నుంచి చెప్పాలి. ఇదీ మా నియమం.

లెస్టర్ వాల్డ్ మేకుకు రబ్బరు వాషర్లు రెండు వేలాడేవి. పాత వాషర్ తీయకుండా దాని మీదే కొత్త ఆయిల్ ఫిల్టర్ బిగించి ఎగిరాడు. పది నిమిషాల్లో ముందు అద్దం నిండా నూనె. పక్క కిటికీలోంచి తల బయటపెట్టి దిగాడు. మార్లిస్ మేకుకు ఒక బిరడా. అడుగున అది బిగించకుండా పైనుంచి ఎనిమిది డబ్బాల కొత్త ఆయిల్ ఇంజన్లో పోసింది.

"ఎనిమిదో డబ్బా పోసేదాకా తెలియలేదా నీకు?" అని అడిగాడు వెర్లిన్ గ్రోస్.

"బూట్లు తడిస్తే మంచు కరుగుతోందనుకున్నాను."

"జూలైలోనా?"

ఆ రోజు నవ్వి నవ్వి లెస్టర్‌కు కాఫీ పొలమారింది. తప్పు చెప్పినవాళ్ళకు ఆర్డిస్ హాగెన్ తాను చేసి తెచ్చిన కూకెన్‌లో మొదటి ముక్క కోసి పెట్టేది. పేరుకు కేకే గానీ మధ్యలో పాలమీగడ, పళ్ళు ఉంటాయి. ఆమె భర్త డ్యువేన్ రెండో ముక్కకు చెయ్యి చాపేవాడు. ఆమె ఆ చేతి మీద గరిటెతో కొట్టేది.

అందరి మేకులకూ ఏదో ఒకటి ఉండేది. వెర్లిన్‌ది ఒక్కటే అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. అందరికన్నా ఎక్కువ వెక్కిరించేదీ అతనే. "నా మేకుకి తుప్పు పట్టిపోతోంది, కాస్త ఆయిల్ రాయండర్రా" అనేవాడు. అతని పెట్టెలో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే స్పాంజిలో గుంట కోసి ఉండేది. పని అయ్యాక ఒక్క గుంట ఖాళీగా ఉన్నా మూత వేసేవాడు కాదు.

తొమ్మిదేళ్ళ కిందట, సెప్టెంబరులో ఒక గురువారం. డ్యువేన్ విమానానికి ఏడాది తనిఖీ. మెకానిక్ వచ్చి చూసి సంతకం పెట్టి వెళ్ళాడు. తనిఖీకి మూతలు విప్పడం, మళ్ళీ బిగించడం మా దగ్గర ఓనరు పని. డ్యువేన్‌కు సాయంగా వెర్లిన్ వెళ్ళాడు. తోక పక్కనున్న మూత తీసిన సందులోంచి తల, ఒక చెయ్యి లోపలికి పెట్టి ఆఖరిసారి కప్పీని చూశాడు. తోకరెక్కను పైకీ కిందికీ లాగే తీగ ఆ కప్పీ మీదుగానే పోతుంది. మధ్యలో ఏదైనా ఇరుక్కుంటే రెక్క కదలదు. చేతిలో బొటనవేలంత టార్చి ఉంది. చీకట్లో కళ్ళు చెదరకూడదని దాని అద్దానికి భార్య ఐలీన్ గోళ్ళరంగు పూసుకున్నాడు. ఎర్రటి వెలుగు ఇచ్చేది. పిడి మీద తన పేరులోని రెండు అక్షరాలు గీసి ఉన్నాయి.

షెడ్డులో ఫోన్ మోగింది. అది మూడోసారి.

"సూప్ చల్లారిపోతోందట. ఇప్పుడు కదలకపోతే కుక్కకి పోస్తానంటోంది ఆర్డిస్" అన్నాడు డ్యువేన్.

"పోయమను. నీకన్నా అదే మర్యాదగా తింటుంది."

మూత బిగించారు. ఆరు స్క్రూలు. ఇద్దరూ వెళ్ళి సూప్ తాగారు.

ఇంటికొచ్చాక వెర్లిన్ పెట్టె తెరిచి చూశాడు. ఒక గుంట ఖాళీగా ఉంది. జేబులు చూశాడు, బండి సీట్ల కింద చూశాడు. టార్చి తోకలో ఉండిపోయిందా, ఎక్కడైనా పడిపోయిందా, అతనికి గుర్తు రాలేదు. డ్యువేన్‌కు చెబుదామని ఫోన్ దగ్గరికి వెళ్ళి రిసీవర్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు పలక గుర్తొచ్చింది. లెస్టర్ మొహం, మార్లిస్ మొహం, ఇరవై రెండేళ్ళు. రేపు పొద్దున ఏడింటికి, ఎవరూ రాకముందే వెళ్ళి మూత విప్పి చూసుకుంటే సరిపోతుందనుకున్నాడు. రిసీవర్ పెట్టేశాడు.

ఏడింటికి వెళ్ళాడు. డ్యువేన్ షెడ్డు తలుపు తీసి ఉంది. లోపల విమానం లేదు. మైనట్ ఊళ్ళో ఉన్న తమ్ముణ్ణి చూడాలని డ్యువేన్ ఆరున్నరకే ఎగిరాడు. కోత అయిపోయిన గోధుమ పొలంలో, రన్‌వేకు పడమర రెండు మైళ్ళ దూరంలో పడ్డాడు. ఆ పొద్దున గాలి గట్టిగా ఉంది. తోక విరిగి ముక్కలైంది. కారణం తేలలేదని నివేదికలో రాశారు.

నెల తిరక్కుండానే ఆర్డిస్ మళ్ళీ కూకెన్ తెచ్చింది. అప్పటి నుంచి ప్రతి శనివారం వస్తూనే ఉంది. కత్తి చేత్తో పట్టుకుని "ఈ వారం ఎవరు?" అని అడిగేది. అందరి మొహాలూ చూసేది. ఎవరూ మాట్లాడకపోతే మొదటి ముక్క కోసి పళ్ళెం అంచున ఉంచేది. దాన్ని ఎవరూ తినేవాళ్ళు కాదు.

వెర్లిన్ వెక్కిరించడం మానేశాడు. స్నేహితుడు పోయిన దిగులని అనుకున్నాం. తన విమానంలో ఏదో గలగలమంటోందని నేలరేకు పదకొండుసార్లు విప్పాడు. ఒక్కసారి మాత్రం పది సెంట్ల నాణెం దొరికింది. అది తీసేశాక కూడా గలగల ఆగలేదన్నాడు. లెస్టర్ పక్క సీట్లో కూర్చుని ఎగిరి చూశాడు. అతనికి ఏమీ వినపడలేదు. దాన్నయినా మేకుకు తగిలించమని మార్లిస్ నాణెం అందించింది. వెర్లిన్ జేబులో వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

వెర్లిన్ ఇంటికీ ఆర్డిస్ ఇంటికీ మధ్య అర మైలు పొలం. డ్యువేన్ పోయాక రెండో చలికాలంలో మంచుతుఫాను వచ్చి కరెంటు పోయింది. ఆర్డిస్ వంటింటి కిటికీలో ఒక ఎర్రటి చుక్క అటూ ఇటూ కదిలింది. వెర్లిన్ చూశాడు. చూడలేదని తనకు తాను చెప్పుకున్నాడు. అయిదో చలికాలంలో మళ్ళీ చూశాడు. అప్పటి నుంచి ఆ వైపు కిటికీకి మందపాటి తెర వేశాడు. చలిగాలి వస్తోందని ఐలీన్‌కు చెప్పాడు.

మొన్న డిసెంబరులో తుఫాను వచ్చింది. సాయంత్రం నాలుగున్నరకు కరెంటు పోయింది. ఐలీన్ తెర జరిపి చూసింది.

"ఆర్డిస్ ఇంట్లోనే ఉన్నట్టుంది, ఎర్రగా ఏదో వెలుగుతోంది. ఏవండీ, ఇలా వచ్చి చూడండి. మీరు నా గోళ్ళరంగు సీసా ఖాళీ చేసి పాడుచేసిన లైటు అలాగే ఉండేది కదూ?"

వెర్లిన్ లేచి నిలబడ్డాడు. "నీకూ కనిపిస్తోందా?"

"కనిపించక? గుడ్డిదాన్నా?"

అతను కోటు వేసుకున్నాడు. ఈ మంచులో ఎక్కడికని ఆమె అరుస్తూనే ఉంది. పొలంలో మంచు మోకాళ్ళదాకా ఉంది. కంచె తీగ పట్టుకుని నడిచాడు. చివరి స్తంభం దగ్గరికి వచ్చేసరికి మంచులో ఇల్లు కనపడలేదు. ఎర్ర చుక్క ఒక్కటే కనిపించింది. దాన్ని చూస్తూ నడిచాడు.

ఆర్డిస్ తలుపు తీసింది. టార్చి ఆమె చేతిలోనే ఉంది.

"బూట్లు అక్కడే విప్పు. ఇప్పుడే తుడిచాను" అంది.

అతను విప్పలేదు. "అది నాది" అన్నాడు.

"తెలుసు. నీ పేరు గీసుంది. ప్రమాదం విచారించినవాళ్ళు పెట్టెలో పెట్టిచ్చారు. గడియారం, పర్సు, కళ్ళజోడు, ఇది."

"ఎక్కడ దొరికిందట?"

"పొలంలో. తోక ముక్కకి అరవై అడుగుల అవతల. తోకలోంచి పడిందో, డ్యువేన్ జేబులోంచి పడిందో చెప్పలేమన్నారు. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే చెప్పారు."

వెర్లిన్ గోడకు చెయ్యి ఆనించాడు. గురువారం సాయంత్రం సంగతి చెప్పాడు. ఖాళీ గుంట, రిసీవర్, పలక, పొద్దున ఏడు. బూట్ల మీది మంచు కరిగి నేల మీద మడుగు కట్టింది.

"తొమ్మిదేళ్ళు నీ దగ్గరే ఉంచుకున్నావు. ఒక్కసారైనా అడగలేదేం?" అన్నాడు చివరికి.

"అడిగితే నువ్వు నాకు జవాబు చెప్పేవాడివి. అంతే. నాకు కావాల్సింది అది కాదు. కత్తి పట్టుకుని ప్రతి శనివారం నీ ఎదురుగా నిలబడ్డాను కదా వెర్లిన్. ఇంకేం చెయ్యమంటావు?"

"నన్ను తిట్టు."

"తిడతాను. కరెంటు రానీ."

ఆమె టార్చి ఆర్పి అతని చేతిలో పెట్టింది. చీకట్లో నిలబడ్డారు.

"బ్యాటరీలు నావి. నాలుగుసార్లు మార్చాను" అంది.

ఆ శనివారం వెర్లిన్ అందరికన్నా ముందు వచ్చి పొయ్యి వెలిగించాడు. మేం వెళ్ళేసరికి అతని మేకుకు టార్చి వేలాడుతోంది. అది ఎవరిదో మార్లిస్ గుర్తుపట్టింది. "అమ్మయ్య! ఇన్నాళ్ళకి దొరికాడు!" అని చప్పట్లు కొట్టబోయి, ఆర్డిస్ మొహం చూసి ఆగింది.

అతను మొదటి నుంచి చెప్పాడు. నేను ఇక్కడ రాసింది అదే. సూప్ గురించి వాళ్ళిద్దరూ వేసుకున్న జోకు కూడా వదలలేదు. రిసీవర్ ఎంతసేపు పట్టుకున్నాడని లెస్టర్ అడిగాడు. ఒక నిమిషం అని చెప్పి, ఆగి, రెండు నిమిషాలని దిద్దుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ పలక ముందు ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి.

ఆర్డిస్ మొదటి ముక్క కోసి పళ్ళెంలో పెట్టి అతని ముందుకు తోసింది. అతను దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"తిను. నియమం" అంది.

ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది.

ఆమె కత్తి తుడిచి పక్కన పెట్టి పలక దగ్గరికి వెళ్ళింది. టార్చి కొంచెం వంకరగా వేలాడుతోంది. దాన్ని సరిచేసి, వెలుగుతోందో లేదో ఒకసారి నొక్కి చూసింది. వెలిగింది.

"ఆ రోజు మూడుసార్లు ఫోన్ చేసింది నేనే. సూప్ చల్లారిపోతోందని" అంది మా వైపు తిరక్కుండానే. "నా పేరు మీద ఇక్కడ మేకు లేదు."

లెస్టర్ లేచి సుత్తి కోసం వెతికాడు. తన పెట్టెలో కనపడలేదు. వెర్లిన్ తన పెట్టె తెరిచి, గుంటలోంచి సుత్తి తీసి ఆమెకు ఇచ్చాడు.