కోయి చేప దిగిన దారి

లారీ పదింటికి కదులుతుంది. ఎవరి కోసమూ ఆగదు. టోక్యోలో జరిగే చేపల అందాల పోటీకి యమకోషి కొండల మీది చేపలన్నీ కింద ఉన్న ఒజియా ఊరి నుంచి ఆ ఒక్క లారీలోనే వెళ్లాలి.

ఎనిమిదింటికి కినుయో, ఆమె మామగారు ఇసోజి కలిసి కోయి అనే రంగుల చేపను నీళ్ల సంచీలోకి ఎక్కించారు. ఆక్సిజన్ నింపి, మూతి బిగించి, ట్రక్కులో గడ్డి పరిచిన పెట్టెలో పడుకోబెట్టారు. ఏడేళ్లు పెంచిన చేప. తెల్లటి ఒంటి మీద మూడు ఎర్ర మచ్చలు. దాని పేరు పోటీకి రాయించిన వాడు కినుయో భర్త తత్సువో. మొన్న ఆకులు రాలే రోజుల్లో అతను పోయాడు. ఆ ఎరుపు ఈ ఏడే నిండుగా ఉంది, వచ్చే ఏటికి వెలిసిపోతుంది. ఇవాళ తప్పితే ఇక లేదు.

ఇది యమకోషి కొండలు విరిగిపడ్డ భూకంపానికి ఇరవై ఏళ్ల ముందు మాట. వాళ్లు ఒజియాకి దిగిన ఆ దారి ఇప్పుడు లోయలో పడి ఉంది. కొత్త రోడ్డు మీద పొద్దున్నే యంత్రం వచ్చి మంచు తోసేసి పోతుంది. దాని మీద వెళ్లిన ప్రతిసారీ కినుయోకి పాత దారే గుర్తొస్తుంది.

ఆ రోజుల్లో చలికాలం దారి అంటే మనుషులు తొక్కిందే. వంతు వచ్చిన ఇంటివాళ్లు కాళ్లకు వెడల్పాటి మంచు చట్రాలు కట్టుకుని, మంచును అడుగడుగూ అణుచుకుంటూ వెళ్లేవారు. ఇసోజి తొక్కాడంటే బియ్యం బస్తాతో నడిచినా కాలు దిగబడదని ఊళ్లో పేరు. అలాంటి ఊళ్లోకి మొదటి ఫోర్‌వీల్ డ్రైవ్ బుల్లి ట్రక్కును తెచ్చింది ఆయన కొడుకే.

"ఇక దారి తొక్కే పని లేదు మామయ్యా. నాలుగు చక్రాలూ లాగుతాయి," అంది కినుయో ఫోర్‌వీల్ మీట లాగుతూ.

"లాగుతాయిలే. ఆపేటప్పుడు ఏం చేస్తాయో చూడాలి."

ఆయన ఒళ్లో మంచు చట్రాలున్నాయి.

"వాటినెందుకు తెచ్చారు?"

"ఇంట్లో బెంగ పెట్టుకుంటాయని."

ఎక్కుడు దారిలో ట్రక్కు మేకలా ఎక్కేసింది. కినుయో మామగారి వంక ఓరగా చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

దిగుడులో మూడో మలుపు దగ్గర ఆమె బ్రేకు తొక్కింది. నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకుపోయాయి. స్టీరింగు ఎటు తిప్పినా బండి తన దారిన తాను జారింది. ముక్కు మంచు గోడలో దిగబడింది, తోక లోయ వైపు తిరిగింది. వెనక పెట్టెలో చేప టపటపా కొట్టుకుంది.

ఆమె యాక్సిలరేటర్ తొక్కింది. చక్రాలు తిరిగిన చోటే తిరిగాయి.

"కాలు తియ్యి," అన్నాడు ఇసోజి. "బావి తవ్వుతున్నావ్. ఇంజన్ కూడా ఆపు, పొగ గొట్టం మంచులో కూరుకుపోయింది. ఆ పొగకి మనిద్దరం ఇక్కడే నిద్రపోతే చేపని ఎవరు తీసుకెళ్తారు?"

ఆయన దిగి మొదట పొగ గొట్టం చుట్టూ తవ్వాడు. చట్రాలు కట్టుకుని చక్రాల వెనక రెండు బాటలు తొక్కాడు. పాదం సగం తిప్పి, బరువు మోపి, మళ్లీ తిప్పి. కినుయో మళ్లీ ఇంజన్ వేసి ఆ బాటల మీదుగా బండిని మెల్లగా వెనక్కి తీసింది. టైము తొమ్మిదీ పది.

ముందుంది నిటారు దిగుడు. రాత్రి పడిన మంచు మోకాలి లోతు ఉంది.

"నేను ముందు తొక్కుకుంటూ పోతా. ఇరవై అడుగుల వెనకాల రా. మొదటి గేరు. రెండు కాళ్లూ పెడళ్ల మీంచి తీసెయ్యి, ఇంజనే పట్టుకుంటుంది."

"జారితే మీ మీదికే వస్తాను మామయ్యా."

"అందుకే బ్రేకు జోలికి పోవద్దంటున్నా."

గడ్డి కోటు వేసుకున్న ఆ వీపు బండి ముందు అద్దంలోంచి కనిపిస్తూ కదిలింది. ఒకచోట బండి జర్రున జారింది. కినుయో కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. పళ్లు బిగించి వెనక్కి తీసుకుంది. ఇంజన్ మూలిగింది, చక్రాలు మళ్లీ పట్టు దొరకబుచ్చుకున్నాయి. ముసలాయన వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే తాను భయపడుతుందని తెలిసే చూడలేదని ఆమెకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

ఒజియా చేరేసరికి లారీవాడు వెనక తలుపు మూస్తున్నాడు.

"పైనుంచి ఎవరూ రారనుకున్నా," అన్నాడు. "దారి ఎవరు తీశారు?"

ఇద్దరూ పెట్టె అందించారు. మూత మూసేముందు ఇసోజి చేతి తొడుగు తీసి సంచీ మీద అరచెయ్యి ఆనించాడు. చేప మొప్పలు నింపాదిగా ఆడుతున్నాయి.

"ఎక్కించాంరా తత్సువో," అన్నాడు.

ఆ చేపకు పోటీలో పెద్ద బహుమతేమీ రాలేదు. తర్వాతి చలికాలానికి ఊళ్లో ఇంకో నాలుగు ఫోర్‌వీల్ బళ్లు వచ్చాయి, దారి తొక్కే వంతులు ఆగిపోయాయి.

కినుయోకి ఇప్పటికీ బాగా గుర్తున్నది తిరుగు ప్రయాణం. ఆయన పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయాడు. తడిసిన గడ్డి కోటు వాసన బండంతా నిండింది. ఆమె ఇంటిదాకా మొదటి గేరులోనే నడిపింది. అంత నెమ్మది అక్కర్లేదు, అయినా గేరు మార్చలేదు.