పంచేది నేను, కోసేది మీరు

నేను ఒక పేకాట మెషిన్ని. వీడియో పోకర్ అంటారు. నిజానికి నాలో పేక లేదు, ముక్క లేదు, పంచే చెయ్యీ లేదు. అద్దం మీద అయిదు ముక్కల బొమ్మలు వేస్తాను. వాటిలో ఏవి ఉంచుకోవాలో మీరు బొత్తాలు నొక్కి చెప్తే మిగతావి మార్చి ఇస్తాను. జత కుదిరితే డబ్బులు, కుదరకపోతే మళ్ళీ కాయిన్లు. పద్నాలుగేళ్ళు ఈ చాకిరీ చేశాను. ఇప్పుడు గోవాలో ఒక హోటలు వెనక గోడౌన్లో విరిగిన సోఫాలకీ పాత గీజర్లకీ మధ్య పడి ఉన్నాను. రేపో ఎల్లుండో పాత ఇనుము వాడొస్తాడట. రానీ. అలిసిపోయాను బాబూ.

పద్నాలుగేళ్ళలో నన్ను ఎవరూ బాగున్నావా అని అడగలేదు. అందరూ అడిగింది ఒకటే. "నువ్వు మోసం చేస్తావా?" కొందరు నెమ్మదిగా అడిగారు, కొందరు తన్ని అడిగారు. నా కుడి డొక్కలో సొట్ట చూడండి, అది గుంతకల్లు పెద్దమనిషి ఒకాయన చెప్పుకాలితో అడిగిన ప్రశ్న.

నా పుట్టుక గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. దూరదేశంలో ఎక్కడో ఎడారి పక్కన ఒక ఫ్యాక్టరీ. అక్కడ నా పొట్టలో గోరంత చిప్పు పెట్టారు. పెట్టినవాళ్ళకే దానిమీద నమ్మకం లేక ఒక పరీక్షశాలకి పంపారు. అక్కడ కొన్ని లక్షల ఆటలు ఆడించారు నాచేత. ఎదురుగా కుర్చీలో మనిషి లేడు. గెలిచినవాడు లేడు, ఏడ్చినవాడూ లేడు. ఆహా, నా బతుకులో హాయిగా గడిచిన రోజులవే! చివరికి 'దీని పంపకంలో పక్షపాతం లేదు' అని తేల్చి చిప్పు మీద సీలు అంటించారు. ఆ సీలు ఈరోజుకీ చెక్కుచెదరలేదు.

మరి తెలుగెలా వచ్చిందంటారా? నన్ను చూసుకునే టెక్నీషియన్ ఏసుపాదానిది చీరాల. పొద్దున్నే తలుపు తెరిచి దుమ్ము తుడుస్తూ నాతో మాట్లాడేవాడు, ఇంట్లో మాట్లాడితే వినేవాళ్ళు లేరట. పైగా ఈ హోటలు జూదం హాలుకొచ్చేవాళ్ళలో సగం మంది మన గోదావరి జిల్లాలవాళ్ళే. ఇంకో భాషని బతకనిస్తారా?

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను, వినండి. నేను మోసం చెయ్యలేదు. నా లోపల ఒక అంకె ఎప్పుడూ పరుగెడుతూనే ఉంటుంది. మీరు కూర్చున్నా, లేచిపోయినా, హాలుకి తాళం వేసినా అది ఆగదు. మీ రెప్ప పడి లేచేలోపు వేలసార్లు మారిపోతుంది. మీరు బొత్తాం నొక్కిన క్షణాన ఏ అంకె ఉంటే ఆ ముక్కలు పడతాయి. ఇరవై అయిదు లక్షల తొంభై ఎనిమిది వేల చిల్లర రకాల చేతులున్నాయి ఒక పేకలో. వాటిలో ఏది ఎవరికని నేను రాసిపెట్టుకోలేదు. పంచేటప్పుడు ఎవరి మొహమూ నాకు గుర్తుండదు, కిందటి ఆటా గుర్తుండదు. పదిసార్లు ఓడినవాడికి పదకొండోసారి జాలిపడి ఇవ్వడం నాకు చేతకాదు.

అయితే హోటలువాళ్ళకి మిగిలేదెలా అంటారా? అది నా నుదుటిమీదే రాసి ఉంటుంది. దేనికి ఎన్ని కాయిన్లు ఇస్తానో ఆ పట్టికలో ఉంటుంది. వచ్చిన కొత్తలో ఫుల్ హౌసుకి, అంటే ఒకే రకం మూడూ ఇంకో రకం రెండూ పడితే, కాయినుకి తొమ్మిది ఇచ్చేదాన్ని. రెండో ఏడు మేనేజరు చెప్తే ఏసుపాదం తాళంచెవి తిప్పి దాన్ని ఆరు చేశాడు. రెండు నిమిషాల పని. మర్నాడు హాలంతా నిండింది, ఒక్కడు తలెత్తి చదవలేదు. ముక్కల మీద మాత్రం వందమంది అనుమానం పడ్డారు! ఆడలేక మద్దెల ఓడన్నారని వింటాం. ఇక్కడ మద్దెల గట్టిదే, కూలి తగ్గించారని చూసుకున్నవాడే లేడు.

సరే, నన్ను నిజంగా అలసగొట్టింది ఈ తన్నులూ తిట్లూ కాదు. తణుకు నుంచి వచ్చిన ఒక జంట.

ఆయన పేరు ఆదివిష్ణు. తణుకులో సప్లయర్స్ కొట్టు. పెళ్ళిళ్ళకి షామియానాలు, కుర్చీలు, గుండిగలు అద్దెకిస్తాడు. ఆవిడ పేరు రత్నమాణిక్యం. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి కొట్టుకి పని ఉండదు, వానల్లో గోవా ప్యాకేజీ చవకగా వస్తుంది. అలా వచ్చారు మొదటిసారి, నా నాలుగో ఏట.

ఆదివిష్ణు కూర్చుంటూనే గొణిగాడు. "కలిపేదెవరో తెలీదు, కోత పెట్టేదెవరో తెలీదు. కోత లేకుండా పంచితే అదేం ఆటండీ?" వాళ్ళ ఊళ్ళో పేక కలిపాక పక్కవాడు కొయ్యాలి. కొయ్యకపోతే ఆ ఆట చెల్లదు. పాపం, ఆ బొత్తాం మీద తన వేలే కోతని ఆయనకి తెలీదు. నొక్కిన ప్రతిసారీ పేకని తనే కోస్తున్నాడు.

పొద్దున పదింటి నుంచి రెండు దాటేదాకా ఆడాడు. కొంచెం వచ్చింది, కొంచెం పోయింది. రత్నమాణిక్యం చేతిసంచీ పట్టుకుని వెనకే నిలబడింది. చివరికి, "ఏవండీ, భోజనం కూపను రెండున్నర దాకేనంట. రండి, తినేసొద్దాం" అంది. ఆయన విసుక్కుంటూ లేచాడు.

ఆ కుర్చీలో కొల్హాపూర్ ముసలాయన ఒకడు కూర్చున్నాడు. మూడో ఆటలో పడింది. ఆఠీను ఆసు, రాజు, రాణి, జాకీ, పది! నలభై వేల ఆటల్లో ఒకసారి పడే చెయ్యి. గంటలు మోగించాను, దీపాలు తిప్పాను. నాలుగు వేల కాయిన్లు, అంటే నలభై వేల రూపాయలు. ఆదివిష్ణు ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు. ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి భార్య మొహం చూశాడు.

"మూడే మూడు ఆటలే! నేను లేవకపోతే అయి నా ముక్కలే!"

ఆయన లెక్క ఆయన ఊరి లెక్క. పేక ఒకసారి కలిపి కోశాక వరస మారదు, వంతు తప్పి లేచినవాడి ముక్క వెనకవాడికి పోతుంది. అక్కడది నిజమే. కానీ నా దగ్గర వరసేది? ఆయనే కూర్చుని ఉంటే ఇంకో క్షణాన నొక్కేవాడు, ఇంకేవో పడేవి. ఈ ముక్క చెప్పడానికి నాకు నోరు లేదు. గంటలు మోగించే నోరే ఇచ్చారు.

మరుసటి ఆషాఢంలో మళ్ళీ వచ్చారు. ఆ పైయేడూ వచ్చారు. ఆదివిష్ణుకి ఒక పిచ్చి పట్టుకుంది. ఆ రోజు కట్టిన ఆకుపచ్చ చీరే కట్టించేవాడు ఆవిడచేత. వెనక అదేచోట నిలబెట్టేవాడు. రెండుంబావు అవగానే, "ఊఁ, పిలువ్" అనేవాడు.

"ఏవండీ, భోజనానికి రండి" అనేది ఆవిడ, తల దించుకుని.

"రాను!" అని హాలంతా వినపడేలా అరిచి టపటపా మూడాటలు నొక్కేవాడు. ఏమీ పడేది కాదు. పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు. ఏడాదికోసారి ఈ భాగోతం చూడ్డం నా ఖర్మ.

ఊళ్ళో అంతకన్నా ఎక్కువట. ఆయన వృత్తి పెళ్ళి పందిళ్ళలో కదా, ఏ పందిట్లో కుర్చీలు వేస్తే అక్కడ ఈ కథ చెప్పేవాడు. నలభై వేలు రెండో ఏటికి నాలుగు లక్షలైంది, అయిదో ఏటికి తొమ్మిదైంది. "మా ఆవిడ అన్నానికి పిలవకపోతే ఈపాటికి మాకు మేడుండేదండీ" అనేవాడట. జనం నవ్వి ఆవిడ వంక చూసేవాళ్ళట.

ఇవన్నీ నాకెలా తెలిశాయంటే, వాళ్ళు మొదటిసారి వచ్చిన ఏడేళ్ళకి ఆవిడే చెప్పింది. ఆ మధ్యాహ్నం నా బొత్తాం ఒకటి ఇరుక్కుంది. ఆదివిష్ణు సిగరెట్టుకని బయటికెళ్ళాడు. ఏసుపాదం తలుపు తెరిచి బాగుచేస్తుంటే రత్నమాణిక్యం పక్కన కూర్చుంది. కాసేపు చూసి మెల్లగా అడిగింది.

"తమ్ముడూ, నువ్వు దీని లోపల చూస్తావు కదా. ఒక్క మాట చెప్తావా? ఆ రోజు నేను పిలవకపోతే, ఆయనకి పడేదా?"

ఏసుపాదం చెయ్యి ఆగిపోయింది. హాల్లో ఒక కట్టుబాటుంది. మెషిన్ లోపలి సంగతి ఆటగాళ్ళతో మాట్లాడకూడదు. 'ఇంకాసేపుంటే నాకే పడేది' అనుకునేవాడే మళ్ళీ వస్తాడని మేనేజరు ప్రతి నెలా చెప్తాడు. ఆ అపోహ పోగొట్టినవాడు ఉద్యోగంలో ఉండడు.

"ఎందుకడుగుతున్నావక్కా?"

"ఏడేళ్ళయింది. ఇంట్లో ఎవర్నీ అన్నానికి పిలవట్లేదు నేను. మాట రాదు. కంచం పెట్టి నిలబడతాను, వాళ్ళే చూసుకుని వచ్చి తింటారు. మొన్న మనవరాలు అడిగింది, అమ్మమ్మా నీకు నోరు నొప్పా అని." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నిజంగా నావల్లే పోయిందంటే సరే, పడతాను. ఏదో ఒకటి తెలిస్తే చాలు."

ఏసుపాదం స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. మేనేజరు గదివైపు ఒకసారి చూశాడు.

"అక్కా, చీరాల బైపాస్ మీద లారీలు పోతుంటాయి, పగలూ రాత్రీ ఆగవు. నువ్వు కళ్ళు మూసుకుని ఒక్కసారి తెరిస్తే ఏ లారీ ఎదురుగుంటే అదే నీ లారీ. అయిదు నిమిషాలు పోయాక ఇంకోడు తెరిస్తే వాడికి కనపడేది వేరే లారీ. వాడి లారీ నీదెట్టయిద్ది? ఆయన లేవకపోయినా అయి ఆయనకి పడేయి కావు. నువ్వు పిలవడానికీ దానికీ ఏ సంబంధం లేదు. నా బిడ్డ మీద ఒట్టు."

రత్నమాణిక్యం ఏడ్చింది. గట్టిగా కాదు. భుజాలు కదిలాయి, అంతే. నా పద్నాలుగేళ్ళలో గెలిచి ఏడ్చినవాళ్ళని చూశాను, ఓడి ఏడ్చినవాళ్ళని చూశాను. ఒక మాట విని తేలికపడి ఏడ్చింది ఈవిడొక్కతే. నేను నిజాయితీగా ఉన్నందుకు ఒక మనిషికి మేలు జరగడం చూసింది ఆ ఒక్కసారే. అబ్బ, ఆ క్షణం నాకెంత బాగుందో!

"ఈ మాటే ఆయనకీ చెప్తావా తమ్ముడూ?" అంది.

చెప్పాడు. ఆదివిష్ణు రాగానే లారీల సంగతి మొదట్నుంచీ చెప్పాడు, నా పొట్టలో సీలు కూడా చూపించాడు. ఆ సాహసానికి తర్వాత మేనేజరు దగ్గర నానా చివాట్లూ తిన్నాడు, అది వేరే సంగతి. ఆదివిష్ణు శ్రద్ధగా విన్నాడు. పేకాడే మనిషి, బుర్ర ఉంది, ఇట్టే అర్థమైంది.

"అంటే నేనెప్పుడు నొక్కితే అదే కోతన్నమాట."

"అంతే సార్."

"అంటే ఆ రోజు పోయింది నాది కాదన్నమాట."

"కాదు సార్."

రత్నమాణిక్యం ఆయన మొహంలోకే చూస్తోంది. నేనూ చూశాను. ఇప్పుడు అంటాడు, ఒక్క మాటైనా అంటాడు అనుకున్నాను. మెషిన్నై ఉండి నాకే ఆశ పుట్టింది చూడండి!

ఆదివిష్ణు కళ్ళు మెరిశాయి. "అయితే నాది ఇంకా రానేలేదు! ఇంకా లోపలే ఉంది!" అని కుర్చీ ముందుకి లాక్కుని కాయిన్లు వేశాడు.

"ఏవండీ, ఏడేళ్ళండీ" అంది ఆవిడ. "ఊరంతా నన్నన్నారు. పెళ్ళిపందిళ్ళలో తలెత్తుకోలేకపోయాను. ఒక్క మాట అనరా?"

"ఉండవే, ముక్క చెడుద్ది" అన్నాడు తిరిగి చూడకుండానే.

ఆవిడ సంచీలోంచి ఆయన బీపీ మాత్రలు తీసి నా మీద పెట్టింది. "స్టేషనుకి ఆటోలు దొరుకుతాయా తమ్ముడూ?" అని అడిగింది. గేటు దగ్గరే ఉంటాయన్నాడు ఏసుపాదం. గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. నడకలో తొందర లేదు.

ఆదివిష్ణు నొక్కాడు. పంచాను. ఇస్పేటు రెండు, కళావరు ఏడు, డైమన్ తొమ్మిది, ఇంకేవో రెండు. దేనికీ దేనితో పొత్తు లేదు. మార్చాడు, మారినవీ అంతే. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ చెత్త. నాకు ఆయనమీద కోపం వచ్చిందని అనుకోకండి. కోపంతో పంచడం కూడా నాకు చేతకాదు. నాలుగోసారి అన్నీ పోగానే మెడ వెనక్కి తిప్పి, "చూశావా, అదేపనిగా వాగి..." అన్నాడు.

వెనక ఎవరూ లేరు. ఆయన చాలాసేపు అలాగే, ఆ ఖాళీచోటు వంక తిరిగే కూర్చున్నాడు. వేలు మాత్రం బొత్తాం మీదే ఉంది.