డయాగ్రమ్‌లో హనోకు పేరు

అక్షరాలు లేటుగా నేర్చుకున్నాను. నెమ్మదిగా రాస్తాను. తప్పులుంటే మన్నించండి. ఇది మా కోడలు సుప్రియ సంగతి.

సుప్రియది బందరులో రొయ్యల కంపెనీలో ఉద్యోగం. కంపెనీలో వాడే సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే బొమ్మగా గీయడం ఆమె పని. ఒక్కోదానికి ఒక్కో బాక్సు, కింద దాన్ని చూసుకునే మనిషి పేరు. దేన్నుంచి దేనికి లెక్కలు వెళ్తాయో వాటి మధ్య గీతలు. చూసుకునే మనిషి లేని బాక్సును తీసేయాలి.

కంపెనీకి కోడూరులో ఉన్న ఆఫీసు వివరాలు అక్కడి ఉద్యోగి అబ్బులు పంపాడు. తూకం బాక్సు కింద హనోకు పేరు, పక్కన ‘నిద్రించారు’ అని ఉంది. ఆ తూకం ప్రోగ్రాం రాసింది హనోకే, మా అబ్బాయి, సుప్రియ భర్త. వేసవిలో గుండెనొప్పితో పోయాడు. ఆ ఆఫీసులో అతని పేరు ఇంకా మిగిలింది అక్కడొక్కచోటే. సుప్రియ చూసి కూడా దిద్దలేదు.

మీటింగుకు అబ్బులు కూడా వచ్చాడు. సుప్రియ బొమ్మను గోడ మీద వేసింది. గుడివాడ నుంచి ఆ వారమే వచ్చిన మేనేజరు కాంతారావు కళ్లజోడు సర్దుకున్నాడు.

“ఎవరండీ ఈ హనోకు? డ్యూటీలో నిద్రపోవడమే కాక, రాయించి మరీ పెట్టుకున్నాడే. లేపండి అబ్బులు గారూ.”

ఎవరో కిసుక్కున నవ్వారు. అబ్బులు తల వంచుకున్నాడు.

“లేపలేమండీ,” అంది సుప్రియ. “మావారు. పోయినవాళ్లని మా చర్చిలో అలాగే అంటారు.”

కాంతారావు మొహం పాలిపోయింది. “తెలీదమ్మా. ఏమీ అనుకోకు.”

“పర్లేదండీ.”

ఆయనే మెల్లగా అడిగాడు. “మరి దాన్నిప్పుడు ఎవరు చూసుకుంటారమ్మా?”

“నా పేరు పెట్టెయ్ అమ్మాయ్,” అన్నాడు అబ్బులు.

“మీకు దాని లోపల ఏముందో తెలుసా బాబాయ్?”

“తెలీదనుకో. వాడి బాక్సు ఉంటుంది కదా అని.”

“రేపు కాటా దగ్గర లారీలు ఆగిపోతే రైతులు మీ మీద పడతారు. వద్దు బాబాయ్.”

ఆమెకూ అది తెలియదు. నేర్పమని అడిగితే తీరిగ్గా నేర్పుతానన్నాడు హనోకు.

“కొత్తది కొనండి సార్. ఇది నేనే తీస్తాను,” అంది.

తీసింది. దాని గీతలూ పోయాయి. చుట్టూ ఉన్న బాక్సులు వాటంతటవే జరిగి ఆ ఖాళీని కప్పేశాయి. ఎక్కడుండేదో ఆమెకే గుర్తు దొరకలేదు.

“ఇప్పుడు బొమ్మ శుభ్రంగా ఉందమ్మా,” అన్నాడు కాంతారావు, ఓదార్పుగా ఏదో ఒకటి అనాలని.

“అవునండీ,” అని సుప్రియ పక్క బాక్సు గురించి చెప్పడం మొదలుపెట్టింది.

సువర్ణ, అరవై ఆరేళ్లు,
ఇప్పుడు ఉండేది మచిలీపట్నంలో, కోడలి దగ్గర.